నడుము ముప్పై నాలుగు

నీలం దారం ఇంకొక్క ఉండే ఉంది, యూనిఫాం ప్యాంటుకి చాలుతుందో చాలదో, చాలకపోతే లోపలి కుట్టుకి నల్లది వేసేయొచ్చు, బస్సు డ్రైవరు ప్యాంటు లోపల ఏ రంగు దారం ఉందో ఎవరు చూడొచ్చారు, కానీ మా ఆయన ఒప్పుకోడు, బావమరిది ప్యాంటు అంటే ఆయనకి ఎక్కడలేని పట్టింపు, పెళ్ళికొడుక్కి కుట్టినట్టు కుడతాడు, డిపో వాళ్ళిచ్చిన ఆ గరుకు గుడ్డని ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేసి మరీ కత్తెర పెడతాడు, ఇప్పుడు కూడా బల్ల మీద ఆ గుడ్డనే అరచేత్తో నిమురుతున్నాడు, నిమిరి నిమిరి నా వంక చూస్తున్నాడు, చూడకండి బాబూ నన్నలా, ఫోన్లో మరదలు ఏం చెప్పిందో మీరూ విన్నారుగా, గోడ గడియారం పది దాటింది, పదకొండున్నరకి గుండె డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను వదినా, ఆయన రానంటున్నారు, ప్యాంటు కొలతలివ్వడానికి మీ దగ్గరికే బయల్దేరారు, మీరు చెబితే వింటారు అంది, ఆ అమ్మాయి గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు, పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఏనాడూ నా తమ్ముడి మీద నాకొక్క చాడీ చెప్పిన పిల్ల కాదు.

ఇవాళ చెప్పింది కూడా చాడీ కాదు, బూటు లేసుల సంగతి, మా బుజ్జిగాడు, ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో వాడికి అదే పేరు, వాళ్ళింటికి మూడంతస్తుల మెట్లెక్కడానికి మూడు నెలలుగా రెండుసార్లు ఆగుతున్నాడట, ఆగి, వంగి, లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడట, ఈ లేసులకేం రోగమని మరదలు కొత్తవి కొనిచ్చిందట, అయినా ఆగుతున్నాడట, నిన్న సాయంత్రం చెప్పులేసుకుని ఎక్కుతూ కూడా ఆగాడట, చెప్పులకి లేసులెక్కడివండీ అంటే నవ్వేశాడట, నవ్వుతుంటే చెయ్యి మాత్రం ఛాతీ మీద ఉందట, అదే మా వాడి బుద్ధి, చిన్నప్పుడు చెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే కూడా చొక్కాకి మట్టి అంటిందక్కా దులుపు అన్నాడు గానీ చెయ్యి నొప్పి అనలేదు, ఆ చెయ్యి ఇప్పటికీ కాస్త వంకర, అందుకే వాడి చొక్కా ఎడమ చేతికి పావంగుళం తక్కువ పెడతాం, ఒంట్లో ఎక్కడ ఏ వంకరుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు, అన్నీ తెలుసు, తెలిసీ ఇన్నేళ్ళు నోరు మెదపలేదు, అదే ఇవాళ గొంతులో పడ్డ సూదిలా ఉంది.

ఎక్కడ మొదలైంది ఇదంతా, రెండు నెలల క్రితం డిపోలో అందరికీ వైద్య పరీక్షలు పెట్టారు, రక్తం తీశారు, పొట్టకి స్కానింగ్ చేశారు, కాగితం పట్టుకుని వాడు నేరుగా ఇక్కడికే వచ్చాడు, ఆ స్టూలు మీదే కూర్చున్నాడు, అక్కా నాకు ఫ్యాటీ లివరట, చుక్క ముట్టనివాడికి లివరు జబ్బేంటో చూడు, తాగే సుఖం వాళ్ళకీ జబ్బు నాకూనా అని పడీ పడీ నవ్వాడు, మేమూ నవ్వాం, నవ్వక ఏం చేస్తాం, వాడు నవ్వితే ఇంట్లో దీపం పెట్టినట్టుంటుంది, డాక్టరు మాత్రం నవ్వలేదట, తాగకపోయినా వస్తుందయ్యా, రోజంతా సీట్లో కూర్చునే పని, రూటుకి ఆ చివర ఒక టీ ఈ చివర ఒక టీ, టీకి రెండేసి చెంచాల చక్కెర, కాలేయంలో కొవ్వు అలాగే పేరుకుంటుంది, కానీ నా భయం కాలేయం గురించి కాదు, కాలేయం, గుండె తోడబుట్టినవాళ్ళ లాంటివి, ఒకరింట్లో కొవ్వు చేరిందంటే రెండోవాళ్ళ గుమ్మం దాకా వచ్చే ఉంటుంది, ఇలాంటివాళ్ళకి గుండెజబ్బు పదేళ్ళు ముందే రావచ్చు, దెబ్బ లివరుకి తగులుతుందని అందరూ అనుకుంటారు, ఎక్కువమందికి తగిలేది గుండెకే అన్నాడట, ఇదంతా వాడు ఆయన గొంతుతో అనుకరించి మరీ చెప్పాడు, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకున్నట్టు, అప్పుడు నా చేతిలో దారపు బాబిన్ జారి బల్ల కిందికి దొర్లింది, వంగి వెతుక్కుంటూ ఉండిపోయాను, బాబిన్ ఎదురుగానే ఉంది.

ఆ తర్వాత ఒక కాగితం నింపమన్నారట, వయసు, బీపీ, ఆయాసం వస్తుందా రాదా, ఛాతీలో పట్టేసినట్టు ఉంటుందా ఉండదా, నడుము చుట్టుకొలత ఎంత, నాలుగొందల మంది వరసలో నిలబడితే ఎవరికి కొలిచే తీరిక ఉంటుంది, ఎవరిది వాళ్ళే రాసుకోమన్నారు, మా వాడు రాశాడు, నడుము ముప్పై నాలుగు, పెళ్ళినాటి నుంచీ అంతే డాక్టరుగారూ, కావాలంటే మా బావని అడగండి, పన్నెండేళ్ళుగా ఆయనే కొలుస్తున్నాడు అని గొప్పగా చెప్పాడట, ఆయాసం దగ్గర లేదు అని గీటు పెట్టాడు, బల్ల వెనక కూర్చున్న ఆ డాక్టరే కాగితం చూసి లెక్క కట్టి, సరే, తొందరేం లేదు, చక్కెర మానెయ్యి, నడువు, ఆరు నెలల తర్వాత రా అని పంపేశాడు, మరదలు లేసుల సంగతి పట్టుకుని తనే మళ్ళీ వెళ్ళి చెబితే అప్పుడు ఆయన కుర్చీలోంచి లేచాడట, ఆరు నెలలు కాదమ్మా, ఆరు రోజులు కూడా ఆగొద్దు, గుండె డాక్టరుకి చూపించండి అన్నాడట, అయినా మా వాడు కదలడు, కాగితంలో అంతా బాగానే ఉందిగా అంటాడు, నడుము పెరగనివాడికి గుండెజబ్బేంటి అంటాడు, బావని అడగమంటాడు.

బావని అడిగితే బావేం చెబుతాడు, బల్ల దగ్గర గుడ్డ నిమురుతూ నిలబడ్డాడు, మంచి మనిషి, ఈయన మంచితనమే నా ప్రాణానికొచ్చింది, ఈయనకి పని నేర్పిన ముసలాయన ఒక్కటే మాట నేర్పాడట, గుడ్డ ఒంటికి సరిపోవాలి, కొలత మనసుకి సరిపోవాలి అని, అందుకే నడుము దగ్గరికొచ్చేసరికి ఉన్న అంకె పైకి చదవడు, రెండంగుళాలు తగ్గించి చదువుతాడు, కస్టమరు మొహం విప్పారుతుంది, తగ్గించినదెంతో నాకు తెలియడానికి కస్టమరు వీపు వెనక వేళ్ళు చూపిస్తాడు, రెండు వేళ్ళంటే రెండు కలుపుకుని పుస్తకంలో రాస్తాను, ప్యాంటు అతికినట్టు సరిపోతుంది, అందరూ సంతోషంగా వెళ్తారు, ఊళ్ళో ఇన్ని కుట్టు దుకాణాలుండగా మా గుమ్మమే ఎక్కుతారంటే ఊరికే ఎక్కుతారా, ఇక బావమరిది విషయంలో అయితే రెండు వేళ్ళతో ఆగిందా, పెళ్ళప్పుడు నిజంగానే ముప్పై నాలుగు, మూడేళ్ళకి ఒక వేలు, ఇంకో ఏడాదికి రెండు, పిల్ల పుట్టిన ఏడు మూడు, ప్రతిసారీ పైకి మాత్రం అదే ముప్పై నాలుగు, నీ ఒంటికేంట్రా కడ్డీలా ఉన్నావు అని వీపు తట్టడం, పోయిన ఏడాది వీపు వెనక చెయ్యంతా విచ్చుకుంది, ఐదు, నేను రాశాను, ముప్పై తొమ్మిది, రాసి పుస్తకం మూసేశాను, వాడు అద్దంలో జుట్టు దువ్వుకుంటున్నాడు, పొట్ట లోపలికి పీల్చి, ముచ్చటేసింది, నిజం చెబుతున్నాను, భయం వెయ్యలేదు, ముచ్చటేసింది.

నాన్నకైతే నేనే వదులు చేసేదాన్ని, పద్నాలుగేళ్ళకి కుట్టు నేర్చుకుంటున్నప్పుడు నాకు దొరికిన మొదటి ప్యాంట్లు ఆయనవే, లిఫ్టులు బాగుచేసేవాడు, మోకాళ్ళ దగ్గర గ్రీజు మరకలు, ఎంత ఉతికినా పోయేవి కావు, వెనక కుట్టు విప్పి లోపల వదిలిన గుడ్డ బయటికి లాగి మళ్ళీ కుట్టేదాన్ని, ఉతికి ఉతికి ముడుచుకుపోయిందమ్మా అనేవాడు, నేను నిజమే అనుకునేదాన్ని, గుడ్డదే తప్పు అనుకునేదాన్ని, లోపల వదిలిన గుడ్డ అయిపోతే వేరే ముక్క అతికేదాన్ని, బుజ్జిగాడు పక్కన కూర్చుని సుద్దముక్కతో నేల మీద బస్సులు గీసేవాడు, తర్వాత ఆ రోజు, లిఫ్టు పాడైతేనే కదా నాన్నని పిలిచేది, అందుకని ఆయన ఎప్పుడూ మెట్లే ఎక్కేవాడు, ఎనిమిదో అంతస్తుకి వెళ్ళాలి, నాలుగో అంతస్తు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు, పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పక్కనుంచి దిగుతూ నమస్తే కూడా చెప్పారట, తిరిగొచ్చేసరికీ అలాగే కూర్చుని ఉన్నాడట, నలభై ఆరేళ్ళకే గుండె ఆగిపోయింది, ఏ అలవాటూ లేని మనిషి అన్నారందరూ, ఏ అలవాటూ లేని మనిషి అని ఎన్నిసార్లు విన్నానో, ఆయన పొట్టకి స్కానింగ్ ఎవరు చేశారు, ఎవరు చూశారు, లోపల ఏం పేరుకుందో ఎవరికి తెలుసు, నాకు తెలిసింది నడుమొక్కటే, అది కూడా నాకు కుట్టు పనిలాగే తెలిసింది.

వచ్చాడు, తలుపు దగ్గర గంట మోగకముందే ఈల వినబడింది, వీడికి ఈల లేనిదే అడుగు పడదు, కానీ ఇవాళ ఈల మధ్యలో తెగింది, మా దుకాణానికి రోడ్డు మీంచి నాలుగంటే నాలుగు మెట్లు, నాలుగు మెట్లకే తెగింది, లోపలికొచ్చి ఏం బావా, నా గుడ్డకి నీళ్ళు పట్టించావా అన్నాడు, నుదుటి మీద చెమట, ఫ్యాను కిందికి జరిగి నిలబడ్డాడు, అక్కా టీ చెప్పవే, చక్కెర లేకుండానేలే, ఆ మొహం అలా పెట్టకు, ఇంటి నుంచి ఫోనొచ్చిందని నీ మొహమే చెబుతోంది, మా ఆవిడ ఉత్త భయస్తురాలు, నిద్రలో నేను గురక పెడితే భయం, పెట్టకపోతే ఇంకా భయం, వీడి మాటలకి నవ్వకుండా ఉండడం నా వల్ల కాదు, నవ్వొస్తూనే ఉంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి, దారం ఎక్కిస్తున్నట్టు సూది వైపు తలొంచుకున్నాను, వాడి బూట్ల లేసులు కొత్తవి, తెల్లగా, గట్టిగా రెండు ముళ్ళు వేసి ఉన్నాయి.

బావా కానివ్వు, డ్యూటీకి టైమవుతోంది అని చేతులు పైకెత్తి అద్దం ముందు నిలబడ్డాడు, అబద్ధం, ఇవాళ వాడికి డ్యూటీ లేదని మరదలు చెప్పనే చెప్పింది, మా ఆయన మెడలోంచి టేపు తీశాడు, పొడవు చదివాడు, రాశాను, తొడ చదివాడు, రాశాను, తర్వాత వాడి వెనక్కి వెళ్ళి నడుముకి చుట్టాడు, టేపు వైపు చూశాడు, చూసి నా వైపు చూశాడు, పాపం ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు, అయినా అలవాటైన నోరు కదా, ముప్పై నాలుగు అన్నాడు, నీ ఒంటికేంట్రా అనబోయి ఆగిపోయాడు, వీపు వెనక చెయ్యి విచ్చుకుంది, ఐదు వేళ్ళూ, ఆ ఐదూ అలా ఉండగానే టేపు పట్టుకున్న రెండో చేతి చూపుడు వేలు కూడా మెల్లగా లేచింది, ఆరు, నా కలం పుస్తకం మీద ఉంది, నలభై అని రాయాలి, రాసి మూసెయ్యాలి, ఎప్పుడూ చేసేదే, చెయ్యి కదల్లేదు, నాలుగో అంతస్తు మెట్టు మీద మనిషి కూర్చుని ఉన్నాడు, పక్కనుంచి నమస్తే చెప్పి దిగిపోయిన మనిషిని ఇన్నేళ్ళుగా తిట్టుకుంటున్నాను, ఆగి ఒక్కసారి అడిగితే ఏం పోయేదని, నేను చేస్తున్నదేమిటి, పన్నెండేళ్ళుగా నమస్తే చెప్పి దిగిపోవడం కాక.

లేచాను, స్టూలు వెనక్కి పడింది, మా ఆయన చేతిలోంచి టేపు తీసుకున్నాను, నేనే చుట్టాను, బొడ్డు మీదుగా, బిగించకుండా వదలకుండా, చిన్నప్పుడు స్నానం చేయించి తువ్వాలు చుట్టిన నడుమే కదా, నలభై అన్నాను, పైకే అన్నాను, బుజ్జీ, నీ నడుము నలభై, ముప్పై నాలుగు పెళ్ళినాటి మాట, ఆ తర్వాత ఏనాడూ కాదు, మీ బావా నేనూ నీకు అబద్ధం చెప్పాం, ఆ కాగితంలో నువ్వు రాసింది మా అబద్ధమే, దాన్ని చూసే ఆ డాక్టరు నిన్ను ఆరు నెలలాగమన్నాడు, పద, నిజం చెప్పడానికి పోదాం పద, ఇంకా ఏవేవో అన్నాను, నాన్న ప్యాంటు సంగతి కూడా అన్నాననుకుంటా, మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఈయన ఏడిస్తే నేను చూడలేను, వాడు అరుస్తాడేమో, నన్నిన్నాళ్ళూ పిచ్చివాణ్ణి చేశారా అంటాడేమో అని చూస్తున్నాను, వాడు చేతులింకా దించలేదు, అలాగే ఎత్తి ఉంచి అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు.

నాకు తెలుసక్కా అన్నాడు, తెలుసా, ఏం తెలుసు అన్నాను, మొదటినుంచీ తెలుసు, బావ వేళ్ళు వీపు వెనక చూపిస్తాడు, బానే ఉంది, ఆ పక్క గోడకి ఇంకో అద్దం పెట్టింది ఎవరు, వెనకవైపు ఎలా కుదిరిందో చూసుకోమని మీరే కదా పెట్టారు, దాంట్లోంచి ఈ అద్దంలో అంతా కనబడుతుంది, అన్నాడు, మా ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు, ఆ అద్దం వైపు చూశాడు, ఈ అద్దం వైపు చూశాడు, పన్నెండేళ్ళ వేళ్ళన్నీ కళ్ళముందు కదిలినట్టున్నాయి, అంటే మిగతా కస్టమర్లు కూడానా అన్నాడు నీరసంగా, ఏమో బావా, వాళ్ళకీ నాలాగే చూడనట్టుండడం హాయిగా ఉందేమో, రెండు వేళ్ళప్పుడు నాకు నవ్వొచ్చింది, నాలుగు వేళ్ళప్పుడు కాస్త బాధేసింది, ఇవాళ రెండో చెయ్యి కూడా కలిసేసరికి అని ఆగాడు, అక్కా, ఆ కాగితంలో నేను తెలియక రాయలేదే, ముప్పై తొమ్మిదని రాస్తే నాన్ననైపోతానేమోనని భయమేసింది, ముప్పై నాలుగని రాస్తే ఇంకా నేనే, పన్నెండేళ్ళుగా మీరిద్దరూ ఎంత ప్రేమగా చెబుతున్నారో, అదే రాసేశాను, అన్నాడు, చేతులు అప్పుడు దించాడు.

భయమేసిందన్నాడు, చెయ్యి విరిగినప్పుడు అనని మాట అన్నాడు, నేను వాడి తల నా భుజానికి ఆనించుకున్నాను, ఒకప్పుడు నా నడుము దాకా ఉండే తల, ఇప్పుడు వాడే వంగాలి, వంగాడు, చక్కెర లేని టీ వచ్చింది, ఎవరూ తాగలేదు, మా ఆయన మరదలికి ఫోన్ చేసి వస్తున్నాం, ముగ్గురం, నువ్వక్కడికే వచ్చెయ్యమ్మా అని చెబుతున్నాడు, ఈసారి ఆయాసం దగ్గర ఉంది అని గీటు పెడతావా అన్నాను, పెడతాను, కానీ ఒక షరతు, అన్నాడు, నా చేతిలోంచి టేపు లాక్కున్నాడు, నువ్వు నిలబడు, నేనెందుకురా, నిలబడవే, నాన్న నీకు మాత్రం నాన్న కాదా, నలభై నాలుగేళ్ళు నీకు, పొద్దుట్నుంచీ పొద్దుపోయేదాకా మిషను ముందు నువ్వు కూర్చున్నంత నేను బస్సులో కూడా కూర్చోను, నీ పేజీ ఎక్కడుందో చూపించు పుస్తకంలో, అన్నాడు, నా పేజీ లేదు, ఉండదు, పాత జాకెట్టు ఎదురుగా పెట్టుకుని కంటి అంచనాతో కుట్టుకుంటాను, బిగుతైతే కుట్టు విప్పుకుంటాను, ఊరందరి నడుములూ రాశాను, నాది ఎప్పుడూ రాయలేదు, ఈ నవ్వులాటలో ఆ సంగతి కూడా ఇప్పుడే తోచింది.

అద్దం ముందు నిలబడ్డాను, చేతులు పైకెత్తాను, ఎన్ని వేలమందిని ఇలా ఎత్తమన్నామో, ఎత్తితే ఇంత దిగులుగా ఉంటుందని తెలియదు, తమ్ముడు టేపు చుట్టాడు, వాడి వేళ్ళు మొరటు, స్టీరింగు పట్టుకునే వేళ్ళు, అయినా దూదిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, ఊపిరి వదలవే అక్కా, దొంగతనం నా దగ్గరా అన్నాడు, వదిలాను, వాడు వంగి అంకె చూశాడు, చూసి తలెత్తాడు, అద్దంలో వాడి మొహం చూశాను, నోరు తెరిచాడు, ఏదో అంకె అనబోయాడు, అది టేపు మీదున్న అంకె కాదని నాకు తెలిసిపోయింది, ఎన్నేళ్ళుగానో మా ఆయన మొహంలో చూస్తున్న మెత్తదనమే అది, ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, తగ్గించి చెబితే బాగుండు, రెండు తగ్గిస్తే చాలు, ఒకటైనా సరే అని నా ప్రాణం కొట్టుకుంది, వాడు నోరు మూసుకున్నాడు, కళ్ళు ఎర్రబడ్డాయి, ముప్పై తొమ్మిదక్కా, పద, నువ్వూ చూపించుకుందువుగాని అన్నాడు, ఇన్నాళ్ళూ వీణ్ణెలా కాపాడుకోవాలా అనే నా ఆరాటమంతా, నన్ను కాపాడుకోవాలని వీడికీ ఇంత ఆరాటముందని నాకు ఇవాళే తెలిసింది.